తప్పుకోండి, మా బావ వస్తున్నాడు

మా బావ కుస్తోదియోకి ప్రపంచంలో ఒకే ఒక్క కష్టం ఉంది. రోడ్డు మీద ఆయనతో పాటు వేరేవాళ్ళు కూడా ఉంటారు.

సోమవారం నుంచి శనివారం దాకా ఆయన బొగొతాలో సిటీ బస్సు నడుపుతాడు. ఆ రోజుల్లో సైకిలు తొక్కేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళు మంట. "దోమలు, మరదలా, దోమలు! అద్దంలో చూస్తే ఉండవు, బ్రేకు వేస్తే ఉంటాయి" అంటాడు. ఆదివారం పొద్దున తనే సైకిలెక్కుతాడు. ఎక్కిన మరుక్షణం బస్సులు నడిపేవాళ్ళంతా హంతకులైపోతారు, నడిచేవాళ్ళంతా మేకలైపోతారు. ఇక ఎప్పుడైనా ఖర్మకాలి రొట్టెల కొట్టు దాకా నడిచి వెళ్ళాల్సి వస్తే, బస్సులూ సైకిళ్ళూ తన ప్రాణం తీయడానికే పుట్టాయని తిరిగొచ్చి చెబుతాడు. ఒకే మనిషికి మూడు న్యాయాలు. మూడింట్లోనూ న్యాయం ఆయన పక్షమే.

నా పేరు యామిలే. మా అక్క లిహియాని ఆయన చేసుకున్నాడు కాబట్టి నాకు బావ అయ్యాడు, లేకపోతే ఇలాంటి మనిషితో నాకేం పని? బావల్ని ఆటపట్టించడం మరదళ్ళకి సరదా. నాకు సరదా పోయి చాలాకాలమైంది, ఇప్పుడది డ్యూటీ.

ఆదివారం మా ఊళ్ళో సెప్తిమా లాంటి పెద్ద పెద్ద రోడ్ల మీద పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కార్లని రానివ్వరు. రోడ్డంతా జనానికి వదిలేస్తారు. దాన్ని సిక్లోవియా అంటారు. సైకిళ్ళు, పరుగెత్తేవాళ్ళు, చక్రాల బూట్లవాళ్ళు, తోపుడు బండ్లలో పసిపిల్లలు, కుక్కలు, కుక్కలకి అల్లిన స్వెట్టర్లు, చేతులు పట్టుకుని నడిచే ముసలి జంటలు, అందరూ అదే రోడ్డు మీద. అక్కడ ఎవరికీ దెబ్బ తగలకుండా సైకిలు తొక్కడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. మెల్లగా పోవాలి. కుడివైపు ఉండాలి. దాటేటప్పుడు ముందే గంట కొట్టి, ఎడమనుంచి, చెయ్యి చాపితే తగలనంత దూరం వదిలి దాటాలి. ముందున్న పిల్లాడు ఉన్నట్టుండి తిరుగుతాడని, కుక్క ఉన్నట్టుండి లాగుతుందని, ముసలాయనకి చెవులు వినపడవని ముందే అనుకుని తొక్కాలి. ఇదంతా మా బావకి తెలియదని నేను అనను. తెలుసు. అవన్నీ మిగతావాళ్ళ కోసం పెట్టిన రూల్సని ఆయన నమ్మకం.

ఆ నమ్మకానికి కారణం ఉంది. మా వాళ్ళంతా బొయకా కొండల్లోంచి దిగివచ్చినవాళ్ళు. ఆ కొండల్లో పుట్టిన ప్రతి మగాడూ తాను యూరప్ సైకిలు రేసులు గెలవాల్సినవాడినేనని, ఏదో చిన్న అడ్డంకి వల్ల ఆగిపోయానని అనుకుంటాడు. ఒకడికి సైకిలు కొనే తండ్రి లేకపోయాడు, ఒకడికి మోకాలి నొప్పి వచ్చింది, ఇంకొకడికి పెళ్ళయింది. మా బావకి మూడూ జరిగాయట. అరవైకి దగ్గరపడ్డా ఆశ వదల్లేదు. ఆదివారం చీకటితో లేచి బెల్లం నీళ్ళు కాచుకుని సీసాలో పోసుకుంటాడు. జామపండు హల్వా ముక్కలు వీపు మీది జేబులో పెట్టుకుంటాడు. గాలికి అడ్డం రాకుండా అక్క రేజరుతో కాళ్ళ మీది వెంట్రుకలు గీసుకుంటాడు. ఒంటికి అతుక్కుపోయే రేసు బట్టలు వేసుకుంటే పెద్ద దిండుకి చిన్న గలేబు తొడిగినట్టు ఉంటాడు. ఆ సైకిలు వాళ్ళ ముందుగదిలో ఉంటుంది. దానికి చోటు చాలక సోఫాని మా ఇంటికి పంపించేశాడు. వాళ్ళింటికి చుట్టాలొస్తే ఇప్పుడు మా ఇంట్లో కూర్చోవాలి.

"బావా, ఒక గంటైనా పెట్టుకో" అన్నాను ఒకసారి.

"గంట బరువు మరదలా. కొండ ఎక్కేటప్పుడు ప్రతి గ్రామూ లెక్కే."

"మరి ఆ పొట్ట?"

"అది ఇంజను."

గంట లేదు కాబట్టి గొంతు వాడతాడు. ఆ గొంతు రోజూ కిక్కిరిసిన బస్సులో వెనక తలుపు దాకా వినిపించాల్సిన గొంతు. "తప్పుకోండి! తప్పుకోండి!" అని అరిచాడంటే వీధి చివర పావురాలు లేస్తాయి. అది జాగ్రత్త కోసం అరిచే అరుపట. తను ముందే చెప్పాడు కాబట్టి ఇక తప్పుకోవడం ఎదుటివాళ్ళ బాధ్యతట. బస్సు హారను కూడా సరిగ్గా అలాగే కొడతాడు.

ఇక మా అక్క సంగతి. నోట్లో నాలుక లేని మనిషని చుట్టుపక్కలవాళ్ళు అనుకుంటారు. నాలుక ఉంది, ఖర్చుపెట్టదు. ఇంట్లో మెషిను పెట్టుకుని బట్టలు కుడుతుంది. పోయిన ఏడాది మోకాలికి ఆపరేషన్ అయింది. "నడవాలమ్మా, బాగా నడవాలి. నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుంది, తర్వాత దేవుడు దిగివచ్చినా వంగదు" అన్నాడు డాక్టరు. మోకాలు వంగకపోతే మెషిను ముందు కూర్చోలేదు. మెషిను లేకపోతే మా అక్క ఎలా ఉంటుందో నేను ఊహించలేను.

నడవమంటే ఎక్కడ నడుస్తుంది? మా పేటలో ఫుట్‌పాత్ అంటే కార్లు పడుకునే చోటు. మిగిలిన చోట గుంటలు. చదునుగా, వెడల్పుగా, గుంటల్లేకుండా ఉండేది ఆదివారం సెప్తిమా ఒక్కటే. కానీ అక్కకి సైకిళ్ళంటే భయం. పక్కనుంచి ఒకటి సర్రున పోతే భుజాలు చెవుల దాకా లేచిపోతాయి. నేను బతిమాలి, కసిరి, జ్యూసు ఆశపెట్టి లాక్కెళ్ళాను.

"మీ బావకి చెప్పకు" అంది.

"ఎందుకు? మంచి పనే కదా?"

"చెప్తే వాచీ పట్టుకుని పక్కనే వస్తారు. ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి ఇంతసేపా అంటారు. నావల్ల కాదే తల్లీ."

అందుకని చర్చిలో పూజకి వెళ్తున్నామని చెప్పాం. నేనూ అక్కా ప్రతి ఆదివారం చర్చికి పోతున్నామంటే బావ తెగ సంతోషించాడు. "నా కోసం కూడా ప్రార్థన చెయ్యండి" అనేవాడు సైకిలు చక్రాలకి గాలి కొడుతూ. చేసేవాళ్ళం కూడా, ఆయన ఇటువైపు రాకూడదని. ఆయన తెల్లారకముందే కొండల వైపు పోతాడు, మేము ఎండెక్కాక బయల్దేరతాం, ఎదురుపడే భయం లేదనుకున్నాం.

అలా వారం వారం నడిచాం. మొదట్లో నారింజరసం బండి దాకా వెళ్ళి అక్కడే కూలబడేది. తర్వాత్తర్వాత పార్కు దాకా నడిచింది. ఒకరోజు పార్కు దగ్గర ఆగి, నన్ను చూడమని, కాలు వెనక్కి మడిచి చూపించింది. ఆపరేషన్ తర్వాత మా అక్క మొహంలో అంత సంతోషం నేను చూడలేదు. ఆ వారం మూడు కొత్త గౌన్లకి ఒప్పుకుంది.

ఆ తర్వాతి ఆదివారం జరిగింది చెబుతాను. రాత్రంతా వాన పడి తెల్లారేసరికి ఎండ కాసింది. బొగొతాలో ఎండ కాస్తే ఇళ్ళల్లో ఎవరూ మిగలరు. సెప్తిమా మీద ఇసకేస్తే రాలనంత జనం. ఒకచోట స్టేజీ ఎక్కి ఒకమ్మాయి కసరత్తుకి మైకులో లెక్కపెడుతుంటే పేటంతా నడుములు తిప్పుతోంది. పొద్దున చలిగా ఉందని అక్క బావ పాత డిపో కోటు వేసుకుంది. వీపు మీద పెద్ద పెద్ద తెల్ల అక్షరాలున్న నీలం కోటు.

మేము కుడి అంచు పట్టుకుని నడుస్తున్నాం. మా ముందు పసిపాప బండి తోసుకుంటూ పోతున్న జంట ఉన్నట్టుండి ఆగింది, పాప బూటు జారిపోయిందట. వాళ్ళని చుట్టి పోవడానికి అక్క ఒక్క అడుగు ఎడమకి వేసింది. వేసేముందు వెనక్కి తిరిగి చూసింది కూడా. ఏ కోర్టులోనైనా చెబుతాను. దగ్గర్లో ఎవరూ లేరు. మా బావలాంటి వాళ్ళు దగ్గర్లో ఉండరు, ఉన్నట్టుండి మీద ఉంటారు.

"తప్పుకోండి! తప్పుకోండి! మేకల మందా, తప్పుకోండి!"

ఆ గొంతు వినగానే అక్క ఉన్నచోట కొయ్యబారిపోయింది. సైకిలు హ్యాండిలు మోచేతికి తగిలింది. అక్క చెయ్యి కింద పెట్టి పక్కకి పడింది. సైకిలు ఊగిసలాడింది గానీ పడలేదు. దాని మీది మనిషి తల తిప్పలేదు. "నడవడం ఇంట్లో నేర్చుకుని రా తల్లీ!" అని అరుస్తూ జనంలోకి దూరిపోయాడు.

నేనూ అక్కా ఆ వీపునే చూస్తున్నాం.

"యామిలే, పడ్డారా?" అంది అక్క నేలమీంచే.

"ఎవరు?"

"మీ బావ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పడలేదు. పడితే వెళ్ళి మొక్కు తీర్చుకునేదాన్ని" అన్నాను.

దేవుడి దయ, ఆపరేషన్ అయిన కాలు పైన ఉంది, దానికేం కాలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు లేపి కూర్చోబెట్టారు. రోడ్డు చూసుకునే కుర్రది ఒకతి, పసుపు ఎరుపు యూనిఫారంలో, పరుగున వచ్చి మోచెయ్యి కడిగింది. మణికట్టు అప్పటికే వాచింది. అక్కడి ప్రథమచికిత్స శిబిరంలో చూసి, ఎముక విరగలేదు, బెణికిందని కట్టు కట్టారు.

"ఎవరు గుద్దారో చూశారా అమ్మా? ఆనవాళ్ళు చెప్పండి, ముందు కూడలిలో ఆపిస్తాను" అంది ఆ అమ్మాయి.

నేను నోరు తెరిచాను. అక్క నా తొడ మీద గిల్లింది.

"సరిగ్గా చూడలేదమ్మా. ఎవరో ముసలాయన" అంది.

ఆదివారం మధ్యాహ్నం మా రెండు కుటుంబాలూ అక్క ఇంట్లోనే తింటాం. కోడి, మూడు రకాల బంగాళాదుంపలు, మొక్కజొన్న పొత్తులు వేసి కాచే అహియాకో ఉంటుంది. ఆ రోజు కుండ దించింది నేను. అక్క చెయ్యి కనపడకుండా ఉన్ని రువానా కప్పుకుని కూర్చుంది. దారిలోనే నా మొగుడు ఎడిల్బెర్తోకి ఫోను చేసి అంతా చెప్పాను. ఆయన తినేటప్పుడు మాట్లాడడు. తిననప్పుడూ అంతే. తోడల్లుళ్ళిద్దరికీ కలిపి దేవుడిచ్చిన మాటలన్నీ మా బావే వాడుకుంటున్నాడు.

బావ స్నానం చేసి, జుట్టు దువ్వుకుని, రాజ్యాలు గెలిచివచ్చినవాడిలా కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఇవాళ నువ్వు చూడాల్సింది" అని మొదలుపెట్టాడు. "కొండ దిగి సెప్తిమా మీదకి వచ్చా. వెనకనుంచి గాలి. కాళ్ళు ఎలా తిరుగుతున్నాయంటే, అవి నా కాళ్ళు కావు, ఇరవయ్యేళ్ళ కుర్రాడివి. ముందు నలుగురు కుర్రాళ్ళు, ఒక్కొక్కడి సైకిలూ మన ఇల్లంత ఖరీదు. నలుగుర్నీ మింగేశా! ఇంక నన్ను ఆపేదెవరు అనుకుంటుండగా వచ్చింది."

"ఎవరు?" అన్నాను.

"ఆవిడ. నడిరోడ్డు మీద. ఆవు నడిచినట్టు నడుస్తోంది. ఇంత లావు." రెండు చేతులూ చాపి చూపించాడు. నా మొగుడు గిన్నెలోకి తల దించుకున్నాడు.

"నడిరోడ్డేనా బావా? అంచున కాదా?"

"అంచేంటి మరదలా, రోడ్డంతా ఆవిడే! అయినా నేను మర్యాద తప్పలేదు. 'అమ్మా, కాస్త దారిస్తారా' అన్నా."

"అచ్చం ఆ మాటలే అన్నావా?"

"ఇంచుమించు అవే. వింటేగా? చెవిటిదై ఉండాలి. తాగి ఉన్నా ఉండొచ్చు, ఈ రోజుల్లో ఆడవాళ్ళని నమ్మలేం."

అక్క ఎడంచేత్తో ఆయన గిన్నెలో మీగడ వేసింది.

"ఇంతకీ ఆవిడకి తగిలిందా?" అన్నాను.

"తగిలితే ఆవిడే వచ్చి నాకు తగిలింది. నేను కాబట్టి తప్పించా, వేరేవాడైతే తొక్కేసి పోయేవాడు. అసలు నవ్వొచ్చే సంగతి వినండి." చెంచా కింద పెట్టాడు, అంత ముఖ్యమైన సంగతి. "ఆవిడ మా డిపో కోటు వేసుకుంది! అంటే మా డ్రైవర్లలోనే ఎవడిదో పెళ్ళాం. పొద్దస్తమానం బస్సు తోలి తోలి, ఇంటికెళ్ళి ఆ మొద్దుని భరించాలి. వాడెవడో గానీ, పాపం, తలుచుకుంటే జాలేస్తోంది."

ఎడిల్బెర్తోకి పొలమారింది. బావ పడీపడీ నవ్వుతూ ఆయన వీపు చరిచాడు. తన కథకి నవ్వొచ్చి పొలమారిందనుకున్నాడు. నవ్వు సగంలో ఉండగా అక్క చేతి వంక చూశాడు.

"నువ్వేంటి ఎడంచేత్తో వడ్డిస్తున్నావు?"

అక్క రువానా పక్కకి తీసింది. కట్టు బయటపడింది.

"అయ్యయ్యో, ఏమైంది? చర్చిలో పడ్డావా?"

"చర్చికి పోలేదండీ. సెప్తిమా మీద నడవడానికి వెళ్ళా. డాక్టరు నడవమన్నాడు కదా" అంది అక్క. "పొద్దున చలేస్తే మీ పాత కోటు వేసుకున్నా."

ఆ మాట ఆయన చెవిలోంచి బుర్రలోకి దిగడానికి చాలాసేపు పట్టింది. దిగుతుంటే మొహంలో కనపడింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. ఇప్పుడు లేచి అక్క చెయ్యి పట్టుకుంటాడు, ఏడుస్తాడు, కనీసం నోరు మూసుకుంటాడు అనుకున్నాను. అది తెలిశాక మా బావ అన్న మొట్టమొదటి మాట ఇది:

"నువ్వని ముందే తెలిస్తే పక్కనుంచి పోయేవాణ్ణి కదా!"

"ఓహో! వేరేవాడి పెళ్ళామైతే మీదనుంచి పోవచ్చన్నమాట" అన్నాను.

అప్పుడు నా మొగుడు, ఆ సంవత్సరానికి దాచుకున్న మాటల్లోంచి కొన్ని తీసి ఖర్చుపెట్టాడు. "అన్నయ్యా, ఆ డ్రైవరంటే నాక్కూడా జాలేస్తోంది" అన్నాడు.

అక్క పోట్లాడలేదు. పోట్లాడితే బాగుండేది. ఆ తర్వాతి ఆదివారం నేను వెళ్ళేసరికి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. కోటు మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. "నాకు వెనక ఏ చిన్న చప్పుడైనా ఒళ్ళు ఝల్లుమంటోంది. ఇంక నేను రానే" అంది. కసిరాను, బతిమాలాను. కదల్లేదు. వారాలు గడిచేకొద్దీ మోకాలు మళ్ళీ బిగుసుకోవడం మొదలైంది. మెషిను ముందు కూర్చుంటే కాలు చాచుకునే కూర్చోవాలి, పెడలు అందదు. ఒప్పుకున్న గౌన్లు కుర్చీ మీద కుప్పగా పడున్నాయి. డాక్టరు కాలు పట్టి చూసి, ఇలాగే కూర్చుంటే ఇక నన్ను అడక్కండి అని మొహం మీదే చెప్పేశాడు.

మా బావ పశ్చాత్తాపపడ్డాడు. ఆయన పద్ధతిలో. ఒకరోజు సైకిలుకి గంట బిగించుకొచ్చాడు. ఒకటి కాదు, రెండు, అటొకటి ఇటొకటి. ముందుగదిలోనే సైకిలెక్కి కూర్చుని రెండూ మోగించి చూపించాడు. "విన్నావా? ఇంక భయమేంటి, పద నడుద్దువు!"

"బరువు కదండీ" అంది అక్క, తలెత్తకుండా.

ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని తర్వాత తెలిసింది. మూడోరోజు నా దగ్గరకి వచ్చాడు. తన సోఫాలోనే, మా ఇంట్లో, చుట్టంలా అంచున కూర్చున్నాడు.

"మరదలా, నువ్వు చెప్తే వింటుంది. కాలు పోతుందే దానిది." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను ముందుండి తీసుకెళ్తా. ఒక్క పురుగుని కూడా దాని దగ్గరకి రానివ్వను. ఒట్టు."

నాకు ఆయన మీద జాలి కలిగింది. దాచడమెందుకు, బాగానే కలిగింది. వెళ్ళి అక్క కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. ఒక్క ఆదివారం, ఒక్కటే, అంది.

ఆ ఆదివారం బావ పూర్తి వేషంలో దిగాడు. రేసు బట్టలు, అద్దాల కళ్ళజోడు, రెండు గంటలు, అవి చాలవన్నట్టు మెడలో డిపోవాళ్ళిచ్చిన ఈల. సెప్తిమా మీదకి వచ్చీరాగానే అక్కకి పది అడుగుల ముందు సైకిలుని ఇటూ అటూ అడ్డంగా తిప్పుతూ మొదలుపెట్టాడు.

"దారి! దారివ్వండి! ఆపరేషనైన మనిషి వస్తోంది! ఎవరూ దగ్గరకి రావద్దు! ఓ పిల్లాడా, కుక్కని లాగు! దారి!"

ఈల ఊదాడు. రెండు గంటలూ కలిపి కొట్టాడు. బుడగలూదే పాప బెదిరి సబ్బునీళ్ళ సీసా పడేసింది. పరుగెత్తేవాళ్ళు ఆగి ఎవరో మంత్రిగారు వస్తున్నారేమోనని చూశారు. చూస్తే డిపో కోటులో కుంటుకుంటూ మా అక్క. సిగ్గుతో ఆవిడ మొహం బీట్‌రూట్ అయింది. "సర్కస్ వచ్చింది రోయ్" అని ఎవడో అన్నాడు. నేను వెనకనుంచి "బావా, ఆపు!" అంటూనే ఉన్నాను. ఈలలో ఆయనకి ఏం వినపడుతుంది?

అప్పుడు చేతికర్రతో ఒక ముసలావిడ ఎదురుగా వస్తోంది. చిన్న ప్రాణం, తలకి ఉన్ని టోపీ. బావ ఆవిడ ముందుకి పోయి ఈల ఊది, చెయ్యి ఊపాడు. ఆవిడ హడలిపోయి, కర్ర జారవిడిచి, దీపస్తంభాన్ని రెండు చేతులా కావలించుకుంది.

అక్క ఆగిపోయింది. సరిగ్గా వంగని మోకాలితో కష్టపడి ఒంగి ఆ కర్ర తీసి ఆవిడ చేతికిచ్చింది. "భయపడకండమ్మా, మా ఆయనే" అంది. ఆ తర్వాత బావ వైపు తిరిగింది.

"దిగండి."

"ఏంటి?"

"సైకిలు దిగండి. ఆ ఈల జేబులో పెట్టండి. సైకిలు యామిలే పట్టుకుంటుంది. మీరు నా పక్కన నడవండి."

పెళ్ళయినప్పటినుంచి అక్క ఆయనకి ఆజ్ఞ ఇవ్వగా నేను వినలేదు. ఆయనా విని ఉండడు, అందుకే వెంటనే దిగాడు.

రేసు బూట్లకి అడుగున ఇనపబిళ్ళ ఉంటుంది. పెడలుకి అతుక్కోవడానికి తప్ప అవి నేలమీద నడవడానికి పనికిరావు. బావ కాలివేళ్ళు పైకెత్తి మడమల మీద బాతులా టకటకమంటూ నడిచాడు. అక్క మోకాలు ఎంత వేగంగా పోనిస్తే అంత వేగం. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఆదివారం సెప్తిమా మీద నడవడం ఇదే మొదటిసారి. నేను సైకిలు తోసుకుంటూ వెనక వస్తున్నాను. గంటలతో సహా దూదిపింజలా ఉంది.

కాసేపు బింకంగానే నడిచాడు. ఒక కుర్రాడు చెవి పక్కనుంచి సర్రున పోయాడు. బావ ఉలిక్కిపడ్డాడు. ఇంకొకడు పోయాడు, మళ్ళీ ఉలిక్కిపడ్డాడు. చక్రాల బూట్ల పిల్ల ఒకతి గిరగిరా తిరుగుతూ ముందునుంచి వచ్చేసరికి అక్క వెనక నక్కాడు.

"ఏం మనుషులు వీళ్ళు! గంటా లేదు పాడూ లేదు! కాస్త మెల్లగా పోతే వీళ్ళ సొమ్మేం పోయింది?" అన్నాడు.

"అదుగో, మూడో న్యాయం మొదలైంది" అన్నాను వెనకనుంచి.

పార్కు దగ్గర జనం ఇంకా చిక్కగా ఉన్నారు. అక్కడ వచ్చాడు ఇంకొకాయన. మా బావ వయసే, అలాంటి బట్టలే, అలాంటి అద్దాలే. వెనకనుంచి కొండ విరిగిపడ్డట్టు అరుచుకుంటూ వస్తున్నాడు.

"జరగండి! జరగండి! ఓయ్ తాతా, జరుగు!"

తాత అంటే తనేనని మా బావకి ఒక్క క్షణం తెలియలేదు. తెలిశాక చూడాలి. కుడివైపు చూశాడు, పాప బండి. ఎడమవైపు చూశాడు, రోడ్డు. ఇనపబిళ్ళలు జర్రున జారాయి. గబుక్కున అక్క చెయ్యి పట్టుకున్నాడు, బెణికిన చేతినే, రెండు చేతులతోనూ. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో, చీమంత గొంతుతో అన్నాడు:

"లిహియా, ఎటు? ఎటు జరగను?"

అక్క వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. భుజాలు లేవలేదు.

"ఎటూ జరక్కండి. తిన్నగా నడవండి. చూసుకోవాల్సింది వెనక వచ్చేవాడు."

ఆ మనిషి వెంట్రుకవాసిలో తప్పి, ఏదో బూతు విసిరి పోయాడు. బావ తిరిగి తిట్టడానికి నోరు తెరిచాడు. వీపుకి అతుక్కుపోయిన ఆ బట్టలు జనంలో కలిసిపోయేదాకా చూస్తూ నిలబడ్డాడు. అక్క చెయ్యి ఇంకా వదల్లేదు. ఆయన పట్టుకున్నచోట ఇంకా నొప్పి ఉందని నాకు తెలుసు. ఆవిడ వదలమనలేదు.

"లిహియా," అన్నాడు, "నేనూ ఇలాగే వస్తానా?"

"మీరు ఇంకొంచెం గట్టిగా అరుస్తారండీ" అంది అక్క, మోకాలు వంచి ఇంకో అడుగు వేస్తూ.